బ్లూటూత్ 5.3 అని రాశారు, మరి ప్రొఫైల్స్ సంగతేంటి? ఫోన్ కొనేముందు సలహా కావాలి

మధు_గుడివాడ

అందరికీ నమస్కారం. మా నాన్నగారికీ నాకూ చెరో ఫోన్ తీసుకోవాలి, ఒక్కోటి ఇరవై వేల లోపు. కెమెరా మీద పెద్ద పట్టింపు లేదు. మాకు కావాల్సిందల్లా బ్లూటూత్ సరిగ్గా పనిచేయడం. షాపులో బిల్లు కొట్టే చిన్న ప్రింటర్ ఉంది, అది ఫోన్‌తోనే నడుస్తుంది. కారు స్టీరియోకి కలపాలి. నాన్నగారు ఈమధ్యే చెవి మిషన్లు పెట్టుకున్నారు, అవి కూడా ఫోన్‌కి కలుస్తాయని ఆడియాలజిస్ట్ చెప్పారు.

చూసిన మోడళ్లన్నింటికీ "బ్లూటూత్ 5.3, ఏ2డీపీ, ఎల్ఈ" అని ఒకటే లైను రాసి ఉంది. ఇప్పుడు వాడుతున్న పాత ఫోన్ 4.2. దానికి ప్రింటరూ కారూ రెండూ కలుస్తున్నాయి. 5.3 అయితే ఇంకా బాగా పనిచేస్తాయా? కొన్నాక ఏదో ఒకటి కలవకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పవన్_వైజాగ్

5.3 ఉంటే చాలు బ్రదర్. 5.4 దొరికితే ఇంకా మంచిది. పాత వాటికంటే స్పీడ్ రెండింతలు, రేంజ్ నాలుగింతలు.

రేడియో_రమణ

పవన్ గారు చెప్పిన రెండింతల స్పీడ్, నాలుగింతల రేంజ్ 2016 చివర్లో 5.0 వచ్చినప్పటి మాటలు. నిజమే, కానీ ఎల్ఈ వైపు మాత్రమే. బ్లూటూత్ పేరు కింద రెండు వేర్వేరు రేడియో పద్ధతులు ఉన్నాయి. మొదట్నుంచీ ఉన్నది క్లాసిక్. 2010లో 4.0తో వచ్చింది లో ఎనర్జీ, అదే ఎల్ఈ. మామూలు ఇయర్‌బడ్స్‌లో పాట, కారులో కాల్, మీ బిల్లు ప్రింటర్, ఇవన్నీ ఇప్పటికీ ఎక్కువగా క్లాసిక్ మీదే నడుస్తున్నాయి. వాచీలు, తాళాలకు తగిలించే ట్యాగులు, షుగర్ చూసుకునే మిషన్లు ఎల్ఈ మీద నడుస్తాయి. అందుకని మధు గారూ, 4.2 నుంచి 5.3కి మారినంత మాత్రాన మీ కారులో పాట ఏమీ మెరుగవదు.

వెర్షన్ నంబరు రోడ్డు ఎంత వెడల్పో చెబుతుంది, ఆ రూట్లో ఏ బస్సు తిరుగుతుందో చెప్పదు. అది చెప్పేది ప్రొఫైల్, అంటే ఒక్కో పనికి రెండు పరికరాలూ మాట్లాడుకునే పద్ధతి. కాల్ మాట్లాడాలంటే హెచ్ఎఫ్‌పీ, పాట వినాలంటే ఏ2డీపీ. స్టీరింగ్ మీద బటన్‌తో పాట మార్చాలన్నా, తెరమీద పాట పేరు కనిపించాలన్నా ఏవీఆర్‌సీపీ. కాల్ వచ్చినప్పుడు నంబరు బదులు పేరు రావాలంటే పీబీఏపీ, మెసేజ్ కారులో కనిపించాలంటే ఎంఏపీ. కీబోర్డు, మౌస్‌లకు హెచ్ఐడీ. ఫోన్ నెట్‌ని బ్లూటూత్ మీదుగా ల్యాప్‌టాప్‌కి ఇవ్వాలంటే పాన్. ఫొటోనో ఫైలో పంపాలంటే ఓపీపీ. మీ ప్రింటర్ లాంటివాటికి ఎస్‌పీపీ.

ఏ ప్రొఫైల్ అయినా రెండు వైపులా ఉండాలి. ఫోన్‌లో ఉండి కారులో లేకపోతే ఆ పని జరగదు, అంతే. స్పెసిఫికేషన్లో "ఏ2డీపీ, ఎల్ఈ" అని రాయడం వల్ల మీకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఈ రోజుల్లో ఆ రెండూ లేని స్మార్ట్‌ఫోన్ దొరకదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొత్త వెర్షన్లలో వచ్చే ఫీచర్లు చాలావరకు తప్పనిసరి కావు. ఎల్ఈ మీదుగా పాటా మాటా పంపే కొత్త పద్ధతి ఎల్ఈ ఆడియో. దానికి కావాల్సిన పునాది 2020లో 5.2తో వచ్చింది. అయినా 5.3 అని రాసి ఉండి, ఎల్ఈ ఆడియో లేని ఫోన్లు మార్కెట్లో బోలెడు ఉన్నాయి.

క్యాబ్_కరీంనగర్

మంచి టాపిక్ అన్నా. నేను రోజంతా కారులోనే ఉంటా. కాల్స్ బాగానే వస్తయి, కానీ స్టీరియో మీద పేరు రాదు, ఉత్త నంబరే వస్తది. పాట పేరు కూడా రాదు. ఫోన్ మార్చాల్నా, స్టీరియో మార్చాల్నా?

రేడియో_రమణ

ముందు ఏదీ మార్చకు తమ్ముడూ. పెయిర్ చేసేటప్పుడు కాంటాక్ట్స్, కాల్ హిస్టరీ చూడనివ్వాలా అని ఫోన్ అడుగుతుంది. చాలామంది అది చూడకుండానే ఓకే కొట్టేస్తారు. పీబీఏపీకి తాళం ఆ టిక్కే. బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కారు పేరు పక్కనున్న గేరు గుర్తు నొక్కితే ఫోన్ కాల్స్, మీడియా ఆడియో, కాంటాక్ట్స్ అని వరుసగా కనిపిస్తాయి. అక్కడ కాంటాక్ట్స్ ఆన్ చెయ్యి. ఆ మాట అక్కడ కనిపించకపోతే నీ స్టీరియోలోనే పీబీఏపీ లేదని అర్థం.

పాట పేరు వేరే సంగతి. అది ఏవీఆర్‌సీపీ 1.3 నుంచి వస్తుంది. స్టీరియో పాతది, ఫోన్ కొత్తది అయినప్పుడు ఒక్కోసారి ఈ వెర్షన్ల దగ్గర పొసగదు. డెవలపర్ ఆప్షన్స్ ("అబౌట్ ఫోన్"లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే వస్తాయి) తెరిచి బ్లూటూత్ ఏవీఆర్‌సీపీ వెర్షన్ 1.3 గానీ 1.4 గానీ పెట్టు. తర్వాత బ్లూటూత్ ఆపి మళ్లీ ఆన్ చేసి, కారుతో పెయిరింగ్ తీసేసి కొత్తగా కలుపు. ఈ చివరి పని తప్పనిసరి. పాత పెయిరింగ్ ఉండగా వెర్షన్ మారిస్తే చాలా స్టీరియోలు గమనించవు.

శ్రావ్య_కేపీహెచ్‌బీ

నాది వేరే సమస్య. ఇయర్‌బడ్స్ మంచివే, పాటలు చక్కగా వినిపిస్తాయి. కానీ ఫ్రెండ్స్‌తో గేమ్ ఆడుతూ మైక్ ఆన్ చేశానో లేదో మొత్తం సౌండ్ పలచబడిపోతుంది. అడుగుల చప్పుడు ఎడమ నుంచో కుడి నుంచో కూడా తెలియదు. ఆన్‌లైన్ క్లాసులోనూ అంతే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మార్చి ఇచ్చారు, కొత్తవి కూడా ఇలాగే ఉన్నాయి.

రేడియో_రమణ

శ్రావ్య గారూ, ఇయర్‌బడ్స్‌లో లోపం లేదు. పాట కోసం వాడే ఏ2డీపీ ఒకవైపు దారి. ఫోన్ నుంచి చెవికి వెళ్తుంది గానీ వెనక్కి మైక్ శబ్దం తీసుకురాలేదు. మీరు మైక్ ఆన్ చేయగానే ఫోన్ ఏ2డీపీ ఆపేసి హెచ్ఎఫ్‌పీకి మారుతుంది. అది కాల్స్ కోసం చేసింది, మోనో. పాత పద్ధతిలో సెకనుకి 8 వేల శాంపిళ్లు, అంటే శబ్దాన్ని అన్నిసార్లు కొలవడం, కాస్త కొత్త పరికరాల్లో 16 వేలు. పాటలో 44,100 ఉంటాయి. ఇంత తేడా చెవికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఎడమ, కుడి కలిసిపోయేది మోనో వల్లే.

క్లాసిక్ బ్లూటూత్‌లో దీనికి పూర్తి మందు లేదు. గేమ్ సెట్టింగ్స్‌లో ఫోన్ మైక్ ఎంచుకునే వీలుంటే అది వాడండి, అప్పుడు చెవిలో ఏ2డీపీ అలాగే ఉంటుంది. లేదా వైర్ ఇయర్‌ఫోన్స్. అసలు పరిష్కారం ఎల్ఈ ఆడియో. అందులో ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్‌తో (కోడెక్ అంటే శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) రెండువైపులా ఒకేసారి మంచి నాణ్యతతో నడుస్తుంది. ఆండ్రాయిడ్ 13లో దానికి సపోర్ట్ వచ్చింది, కానీ ఫోన్ కంపెనీ ఆన్ చేసి ఉండాలి, ఇయర్‌బడ్స్‌లోనూ ఉండాలి.

సరిగమ_సురేష్

మధు గారూ, వీటన్నింటికంటే ముందు ఎల్‌డ్యాక్ అనే కోడెక్ ఉన్న ఫోన్ చూసుకోండి. 990 కేబీపీఎస్. మామూలుగా వాడే ఎస్‌బీసీ కోడెక్‌తో పోలిస్తే చాలా తేడా ఉంటుంది. మంచి హెడ్‌ఫోన్స్‌లో వీణ పాట ఒకటి విని చూడండి, మీటే వేలు తీగకి తగిలే చప్పుడు కూడా వినిపిస్తుంది.

రేడియో_రమణ

సురేష్ గారూ, ఇంట్లో కూర్చుని మంచి ఫైల్స్ వినేవాళ్లకు ఎల్‌డ్యాక్ బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ దానికి 990, 660, 330 అని మూడు మెట్లున్నాయి. సిగ్నల్ ఇబ్బంది పడితే కిందికి దిగుతుంది. మెట్రోలో, బస్టాండులో చాలావరకు కింది మెట్టే. మంచి సెట్టింగ్‌లో ఎస్‌బీసీ 328 దగ్గర ఉంటుంది. యూట్యూబ్ పాటలో ఆడియో ఉండేదే సుమారు 128. ఎంత పెద్ద కోడెక్ పెట్టినా అక్కడ లేనిది కొత్తగా పుట్టదు. మధు గారికి కావాల్సింది బిల్లు, కారు, చెవి మిషన్. ఆయన డబ్బులు కోడెక్ మీద పెట్టించడం నాకు ఇష్టం లేదు.

సరిగమ_సురేష్

యూట్యూబ్ విషయంలో మీరన్నది సరే. కానీ ఎల్‌డ్యాక్ కోసం ప్రత్యేకంగా డబ్బులు పెట్టక్కర్లేదు కదా. 2017లో ఆండ్రాయిడ్ 8తోనే అది ఆండ్రాయిడ్ సోర్స్‌లో చేరింది. ఈ ధరలోనూ చాలా ఫోన్లలో ఉంటుంది. సంగీతం ఇష్టమున్నవాళ్లు మంచి ఫైల్స్ వింటారు, వాళ్లకు ఈ తేడా ముఖ్యం. అందుకే చెప్పాను.

బిల్లింగ్_బాబాయ్_విజయవాడ

మధూ, ప్రింటర్ సంగతి నేను చెబుతాను. ఇరవై ఏళ్లుగా షాపులకు బిల్లింగ్ మిషన్లు పెడుతున్నాను. నీది చేతిలో పట్టే రకం, 58 మిల్లీమీటర్ల కాగితం అయి ఉంటుంది. ఇవి దాదాపు అన్నీ ఎస్‌పీపీ మీదే నడుస్తాయి. అంటే ఫోన్‌కీ ప్రింటర్‌కీ మధ్య వైరు లేని సీరియల్ లైన్ అన్నమాట. ఏ ఆండ్రాయిడ్ ఫోన్ అయినా పర్వాలేదు. పిన్ అడిగితే 0000 గానీ 1234 గానీ కొట్టు.

కొత్త ఫోన్‌తో అందరూ కంగారుపడేవి రెండు. సెట్టింగ్స్‌లో ప్రింటర్ పేరు కింద "పెయిర్డ్" అనే ఉంటుంది, "కనెక్టెడ్" అని రాదు. పాడైందని అనుకుంటారు. ఎస్‌పీపీలో యాప్ బిల్లు పంపే క్షణంలోనే కనెక్షన్ తెరుచుకుంటుంది, అయిపోగానే మూసుకుంటుంది. రెండోది ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన "నియర్‌బై డివైసెస్" అనుమతి. బిల్లింగ్ యాప్ అది అడిగినప్పుడు కాదంటే ప్రింటర్ పక్కనే ఉన్నా యాప్‌కి కనపడదు.

నీ బిల్లు తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

మధు_గుడివాడ

సరుకుల పేర్లు తెలుగులోనే బాబాయ్. మా దగ్గరికి వచ్చేవాళ్లు బిల్లు చదువుకుని చూసుకుంటారు. కానీ పాత యాప్‌లో తెలుగు పెడితే ప్రశ్న గుర్తులు వస్తున్నాయి. అందుకే ఇంగ్లీషు అక్షరాల్లో "కందిపప్పు" అని రాస్తున్నాం. ఇది కూడా బ్లూటూత్ సమస్యేనా?

బిల్లింగ్_బాబాయ్_విజయవాడ

బ్లూటూత్‌ది కాదు. ఆ చవక ప్రింటర్లలో తెలుగు అక్షరాలు అసలు ఉండవు. ఫోన్ "క" అని పంపితే అదేంటో ప్రింటర్‌కి తెలియదు, ప్రశ్న గుర్తు కొడుతుంది. అందుకని యాప్ బిల్లు మొత్తాన్ని బొమ్మగా మార్చి చుక్కల రూపంలో పంపాలి. ఒక్కో అడ్డ వరుసకి 384 చుక్కలు. ఒత్తులూ గుణింతాలూ అన్నీ చక్కగా పడతాయి. అక్షరాలుగా పంపినదానికంటే కాస్త నెమ్మది, అంతే. యాప్ సెట్టింగ్స్‌లో "ఇమేజ్ ప్రింట్" లాంటి మాట వెతుకు. లేకపోతే యాప్ మార్చు, ప్రింటర్ మార్చక్కర్లేదు.

కవిత_గుంటూరు

నేను ఐఫోన్ వాడతాను, ఇంట్లో చీరల వ్యాపారం. నాకు కూడా ఈ ప్రింటర్ పనికొస్తుందా బాబాయ్ గారూ?

బిల్లింగ్_బాబాయ్_విజయవాడ

కొనేముందు అడిగావు, మంచి పని చేశావమ్మా. ఐఫోన్‌లో ఎస్‌పీపీ మామూలు యాప్‌లకు తెరిచి ఉండదు. ఆపిల్ దగ్గర అనుమతి తీసుకుని తయారుచేసిన ప్రింటర్ గానీ, ఎల్ఈ మీద నడిచేది గానీ కావాలి. పెట్టె మీద ఐఓఎస్ అని ఉందో లేదో చూడు. దానితో సరిపెట్టుకోకుండా నీ ఫోన్‌లో నీ యాప్‌తోనే ఒక బిల్లు కొట్టించి చూసి తీసుకో.

రేడియో_రమణ

బాబాయ్ గారి మాటకి ఒక చేర్పు. కారు ఇంజిన్ వివరాలు చూసే ఓబీడీ డాంగిల్స్‌ది కూడా ఇదే కథ. చవకవి ఎస్‌పీపీ మీద నడుస్తాయి. ఐఫోన్ ఉన్నవాళ్లు ఎల్ఈది గానీ వైఫైది గానీ తీసుకోవాలి. ఐఫోన్‌లో ఓపీపీ కూడా లేదు. బ్లూటూత్‌లో ఫొటో పంపితే పోనిది అందుకే. కారుకి కావాల్సిన హెచ్ఎఫ్‌పీ, ఏ2డీపీ, పీబీఏపీ, ఎంఏపీ మాత్రం అన్నీ ఉన్నాయి. పాటకి ఎస్‌బీసీ, ఏఏసీ కోడెక్‌లు.

పవన్_వైజాగ్

ఓపీపీ అంటే గుర్తొచ్చింది. కాలేజీ రోజుల్లో పాటలన్నీ అలాగే పంచుకునేవాళ్లం. ఒక పాట వెళ్లేదాకా రెండు ఫోన్లూ ఆనించి పట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైళ్లు పంపే క్విక్ షేర్‌లో సినిమా కూడా క్షణాల్లో వెళ్తోంది. అది కొత్త బ్లూటూత్ మహిమే కదా?

రేడియో_రమణ

కాదు పవన్ గారూ, అది వైఫై పని. పక్కన ఎవరున్నారో వెతకడానికి బ్లూటూత్ ఎల్ఈ, ఫైలు పంపడానికి వైఫై. ఫోన్‌ని కారు తెరమీద చూపించే వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటోదీ అదే పద్ధతి, మొదట పలకరింపు బ్లూటూత్‌తో, తర్వాత మ్యాపూ తెరా అంతా వైఫై మీద. క్లాసిక్ బ్లూటూత్ గరిష్ఠంగా గాలిలో 3 ఎంబీపీఎస్. అందులో ఫైలుకి దక్కేది రెండు చిల్లర.

స్వాతి_న్యూజెర్సీ

మధు గారూ, చెవి మిషన్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మా నాన్నగారు తెనాలిలో ఉంటారు, రెండు చెవులకూ మిషన్లు. ఆయనతో వీడియో కాల్ మాట్లాడటం కోసం నేను ఈ విషయం చాలా చదివాను, ఇక్కడి ఆడియాలజిస్టులనూ అడిగాను.

మిషన్ ఫోన్‌కి కలిసే దారులు ముఖ్యంగా నాలుగు. ఐఫోన్‌కి ప్రత్యేకంగా చేసినవి. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఆషా, అంటే చెవి మిషన్లకు ఫోన్ శబ్దం పంపే పద్ధతి. కొన్ని కంపెనీలవి మామూలు హెడ్‌సెట్‌లాగే క్లాసిక్ మీద కలుస్తాయి. నాలుగోది కొత్తగా వస్తున్న ఎల్ఈ ఆడియో. ముందు మీ నాన్నగారి మిషన్ మోడల్‌కి ఇందులో ఏది ఉందో ఆడియాలజిస్ట్‌ని అడిగి రాయించుకోండి. మిషన్ ఖరీదు ఫోన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి మిషన్‌ని బట్టే ఫోన్ ఎంచుకోవాలి. ఆషా ఆండ్రాయిడ్‌లో ఉన్నంత మాత్రాన ప్రతి ఫోన్‌లో ఉండదు, తయారీదారు ఇవ్వాలి. మిషన్ కంపెనీల వెబ్‌సైట్లలో ఏయే ఫోన్లకు కలుస్తుందో జాబితా ఉంటుంది, అది తప్పకుండా చూడండి.

ఇంకొకటి. ఆషాలో శబ్దం ఫోన్ నుంచి చెవికి మాత్రమే వస్తుంది. మన మాట అవతలివాళ్లకు వెళ్లేది ఫోన్ మైక్ నుంచే. మా నాన్నగారు ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని మాట్లాడితే నాకు గుడ్డ రాపిడి తప్ప ఏమీ వినిపించేది కాదు. బల్ల మీద ఎదురుగా పెట్టుకోమన్నాక స్పష్టంగా వినిపిస్తోంది. పెద్దవాళ్లకు ఇది ఓపిగ్గా చెప్పాలి. చెవిలో వినపడుతోంది కదా, మాట కూడా అక్కణ్నుంచే వెళ్తుందని వాళ్లు అనుకోవడం సహజం.

మధు_గుడివాడ

స్వాతి గారూ, చాలా థాంక్సండీ. ఆడియాలజిస్ట్‌కి ఫోన్ చేశాను. ఆషా ఉంది, ఎల్ఈ ఆడియో లేదు అన్నారు. జాబితాలో మా బడ్జెట్ ఫోన్లు రెండు కనిపించాయి. షాపులో డెమో ఫోన్ మీద ఇవన్నీ ఎలా చూడాలి?

రేడియో_రమణ

ప్రింటర్ సంచిలో వేసుకుని, నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. మిషన్లు ఆయన చెవిలో ఉండగానే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద "హియరింగ్ డివైసెస్" తెరిచి కలపండి. అలా కలిశాక ఒక పాటా, ఒక కాలూ రెండూ ఆయనే విని చెప్పాలి. డెమో ఫోన్‌లో పెట్టిన పెయిరింగ్ వచ్చేముందు తీసేయండి, మర్చిపోవద్దు.

కోడెక్‌లు చూడాలంటే "అబౌట్ ఫోన్"లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. హెడ్‌సెట్ కలిపి ఉన్నప్పుడే ఆ జాబితా సరిగ్గా తెలుస్తుంది. షాపువాళ్లు ఒప్పుకోకపోతే బ్లూటూత్ ఎస్ఐజీ వెబ్‌సైట్ ఉంది. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కలిసి పెట్టిన సంస్థ అది. వాళ్ల దగ్గర క్వాలిఫై అయిన పరికరాల జాబితా అందరూ చూడొచ్చు. మోడల్ నంబరు కొట్టి వెతకండి.

శ్రావ్య_కేపీహెచ్‌బీ

ఒక చిన్న డౌట్. ఫోన్ వెనక జేబులో పెడితే ఇయర్‌బడ్స్‌లో పాట తెగుతోంది, ముందు జేబులో బాగుంటోంది. ఇంట్లో వైఫై దగ్గర కూడా తెగుతోంది. దీనికి ప్రొఫైల్ ఏమైనా మార్చాలా?

రేడియో_రమణ

ప్రొఫైల్‌తో సంబంధం లేదండీ. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. మన ఒంట్లో ఉన్న నీరు ఆ తరంగాలను బాగా పీల్చేస్తుంది. వెనక జేబు నుంచి చెవికి మధ్య మీరే అడ్డం. వైఫై కూడా ఆ బ్యాండులోనే ఉంటే రద్దీ. క్లాసిక్ బ్లూటూత్ సెకనుకి 1600 సార్లు ఛానల్ మారుస్తూ, రద్దీగా ఉన్నవాటిని వదిలేస్తూ నెట్టుకొస్తుంది గానీ దానికీ హద్దుంది. ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి, చాలావరకు తగ్గిపోతుంది.

క్యాబ్_కరీంనగర్

రమణ అన్నా, ఏవీఆర్‌సీపీ 1.4 పెట్టి మళ్లీ పెయిర్ చేసిన. పాట పేరు వస్తుంది. కాంటాక్ట్స్ మాట మాత్రం గేరు గుర్తు కింద లేదు, అంటే స్టీరియోలో లేదన్నట్టే. పండగ ఆఫర్లలో స్టీరియో చూస్తా. కొనేటప్పుడు పీబీఏపీ ఉందా అనే అడుగుతా.

మధు_గుడివాడ

కొన్నాం. జాబితాలోని రెండు ఫోన్లలో ఒకటి షాపులో ఉంది, అదే రెండు తీసుకున్నాం. నాన్నగారి మిషన్లు కలిశాయి. అక్కడే అక్కకి కాల్ చేసి, ఫోన్ కౌంటర్ మీద పెట్టి మాట్లాడారు. ఇన్నాళ్లూ స్పీకర్ ఆన్ చేసి మా అందరినీ నిశ్శబ్దంగా ఉండమనేవారు, ఇప్పుడు ఆ అవసరం లేదు. ప్రింటర్‌కి 0000 పనిచేసింది. యాప్ మార్చాను, "కందిపప్పు", "శనగపిండి" తెలుగులో వస్తున్నాయి. కానీ పొడుగు పేర్లు కుడిపక్కన తెగిపోతున్నాయి బాబాయ్, "మినప్పప్పు పొట్టుది" అంటే చివర సగం అక్షరం పోతోంది.

బిల్లింగ్_బాబాయ్_విజయవాడ

యాప్‌లో కాగితం వెడల్పు 80 అని ఉండి ఉంటుంది, 58 పెట్టు. అయినా తెగితే ప్రింట్ వెడల్పు 384 చుక్కలు అని విడిగా ఇచ్చే చోటు ఉంటుంది, చూడు. అక్షరం సైజు ఒక మెట్టు తగ్గించు గానీ మరీ చిన్నది చేయకు, ఒత్తులు అతుక్కుపోతాయి. చాలా యాప్‌లలో ప్రింట్ ముదురు అని కూడా ఉంటుంది, తెలుగుకి దాన్ని కాస్త పెంచితే బాగా కనిపిస్తుంది.